ఇరవై ఏడుగురు నాన్నలు

శనివారం పొద్దున బ్రస్సెల్స్ చేపల బజారులో, పండుగప్పలాంటి చేప ఏదైనా దొరుకుతుందేమోనని కాత్యాయని ఐసు మీద పరిచిన చేపల్ని ఒక్కొక్కటే చూస్తోంది. వెనకనుంచి ఎవరో "పంతులమ్మా!" అని పిలిచారు.

ఆ పిలుపు ఈ ప్రపంచంలో ఒక్కడికే సొంతం. పెళ్లైన కొత్తలో, భార్య ఇంట్లో కూడా క్లాసు చెబుతున్నట్టే మాట్లాడుతుందని ఉపేంద్ర పెట్టిన పేరు అది. నలుగురిలో ఉన్నప్పుడు అనడు. ఇవాళేమిటి ఇంత సరదా అనుకుంటూ ఆమె నవ్వు మొహంతో తిరిగి చూసింది. ఉపేంద్ర లేడు. బూడిదరంగు కోటులో ఒక పొడవాటి తెల్లావిడ నిలబడి ఉంది. పేరు జుజానా. స్లొవాకియా తరఫున బ్యాంకు చట్టం చర్చలకు వచ్చే అధికారి. భర్త పనిచేసే ప్రయోగశాలలో ఒకటి రెండుసార్లు పలకరింపుగా నవ్వుకున్నారు, అంతే పరిచయం. ఆవిడకు తెలుగు ముక్క రాదు.

"ఆ చేపకి ముళ్లెక్కువ పంతులమ్మా. ఇందు తినలేదు," అంది జుజానా అచ్చమైన కోనసీమ యాసలో, కాత్యాయని కూతురి పేరు ఇంట్లో మనిషిలా పలుకుతూ.

అని, తన నోట్లోంచి ఏదో పురుగు బయటికి వచ్చినట్టు చేత్తో నోరు మూసుకుంది. రెండడుగులు వెనక్కి వేసి, జనంలో కలిసిపోయింది. చేపలమ్మే అతను ఏం కావాలని రెండుసార్లు అడిగాడు. కాత్యాయని ఏమీ కొనకుండానే ఇంటికి వచ్చేసింది.

వంటింట్లో ఉపేంద్ర క్యారెట్ల చెక్కు తీస్తున్నాడు.

"ఏవండీ, జుజానా తెలుగెప్పుడు నేర్చుకుంది?"

"నేర్చుకోలేదే."

"మరి నన్ను పంతులమ్మా అని పిలిచింది. మన ఇందుకి ఏ చేప పడదో కూడా చెప్పింది."

"చెప్పుంటుంది," అన్నాడు ఉపేంద్ర, వాన పడిందంటే విన్నంత మామూలుగా.

ఆమె గట్టిగా ఏదో అనబోయి ఆగిపోయింది. అతను చాకు ఎడమచేత్తో పట్టుకున్నాడు. పదకొండేళ్ల కాపురంలో అతను ఎడమచేత్తో పట్టుకున్నది ఫోను ఒక్కటే.

"అదేవిటండీ, ఎడం చేత్తో?"

"పెద్రోది ఎడంచేతి వాటం కదా," అన్నాడు, ఆ జవాబుతో అంతా తేటతెల్లమైపోయినట్టు. పెద్రో పోర్చుగల్ ప్రతినిధి. కాసేపటికి ఉపేంద్ర కళ్లలో నీళ్లు తిరిగాయి. ఉల్లిపాయలేమీ కోయడం లేదు. "ఇవాళ అమ్మ పోయిన రోజు," అన్నాడు.

"మీ అమ్మగారితో పొద్దున్నేగా మాట్లాడారు! అమలాపురంలో నిక్షేపంలా ఉన్నారు."

"ఆ అమ్మ కాదు. ఫిన్లండ్‌లో అమ్మ."

కాత్యాయని కుర్చీ లాక్కుని కూలబడింది. భయం వేసింది. ఎంత భయమంటే, కారణం తనకు తెలుసన్న సంగతి వెంటనే ఒప్పుకోవడానికి కూడా ధైర్యం చాల్లేదు.

ఈ వింతకు మూలం దయ్యాలు కాదు, బ్యాంకులు.

ఒక దేశంలో బ్యాంకు మునిగితే, అందులో దాచుకున్నవాళ్ల సొమ్ముకు యూరప్ దేశాలన్నీ కలిసి పూచీ పడాలన్నది తేవాలనుకున్న చట్టం. వినడానికి ఎంత ముచ్చటగా ఉందో, సంతకం పెట్టమంటే అంత చేదు. వాళ్ల చేతకానితనానికి మేమెందుకు పూచీ అని ఉత్తరాది వాళ్లు, మీ బ్యాంకులు మా దగ్గర లాభం తిన్నప్పుడు గుర్తులేదా అని దక్షిణాది వాళ్లు. ఏళ్ల తరబడి అదే వాదన. మంత్రులు మారారు, జుట్లు నెరిశాయి, చట్టం మాత్రం పుట్టలేదు.

కాత్యాయని అక్కడి విశ్వవిద్యాలయంలో చెప్పే పాఠం సరిగ్గా ఇదే. దేశాలు ఎందుకు కలుస్తాయి? ఒక వర్గం పండితులు, ఏ దేశమైనా తన లాభమేదో ఇంటి దగ్గరే లెక్క చూసుకుని వస్తుంది, బేరం కుదిరితే కలుస్తుంది, లేకపోతే లేదంటారు. రెండో వర్గం అలా కాదంటారు. ఒక పనిలో చేతులు కలిపితే, ఆ పని పక్కనున్న పనిని లాక్కొస్తుంది. బొగ్గు, ఉక్కు కలిపారు, అవి సంతల్ని లాక్కొచ్చాయి, సంతలు డబ్బును లాక్కొచ్చాయి, డబ్బు బ్యాంకుల్ని లాక్కొచ్చింది. దీనికి ఆమె 'పొర్లుబాటు' అని పేరు పెట్టుకుంది. ఇద్దరు పొరుగువాళ్లు మధ్య గోడకు కిటికీ పెట్టుకుంటే ముందు కూరగిన్నె వస్తుంది, తర్వాత తాళంచెవి వస్తుంది, చివరికి ఇంటి గుట్టు వస్తుంది అని క్లాసులో చెప్పేది. పిల్లలు నవ్వేవాళ్లు. అయితే కంచె సరిగ్గా వేసుకుంటే పొర్లుబాటును ఆపవచ్చని కూడా చెప్పేది. అదే ఆమె సొంత సిద్ధాంతం, దాని మీదే ఆమెకు పేరొచ్చింది.

ఆ పేరు విని ప్రొఫెసర్ డెస్మెట్ కబురు పెట్టింది. డెస్మెట్ మెదడు శాస్త్రవేత్త. తలకు కట్టుకునే ఒక పట్టీ కనిపెట్టింది. అది ఒకరి ఆలోచనల్ని మరొకరికి మోయదు. ఒకరు 'కాదు' అన్నప్పుడు, ఆ కాదు వెనక ఉన్న భయాన్ని మాత్రం ఎదుటివాడి మెదడుకు అందిస్తుంది. బల్లచుట్టూ కూర్చున్న ఇరవై ఏడు దేశాల ప్రతినిధులు ఈ పట్టీలు కట్టుకుంటే, గ్రీసు అధికారి స్తావ్రోస్ ఎందుకు బెదురుతున్నాడో ఫిన్లండ్ అధికారికి తన పేగుల్లోనే తెలిసిపోతుంది. ఇక వాదించడానికేముంటుంది?

అందరి భయాలూ కలగాపులగం కాకుండా ఉండాలంటే మధ్యలో ఒక ప్రశాంతమైన మెదడు ఉండాలి. ఏ దేశం తరఫునా లాభనష్టాలు లేని మనిషి, తూకానికి సున్నాలాంటి మనిషి. ప్రయోగశాల ఇంజనీరు ఉపేంద్ర దొరికాడు. హోటల్లో ఒకటి అడిగితే ఇంకొకటి తెచ్చిపెట్టినా కిమ్మనకుండా తినేసే రకం. జీవితంలో ఎవరికీ ఎదురు చెప్పి ఎరగడు. ఇంతకన్నా మంచి సున్నా ఎక్కడ దొరుకుతుంది!

ఇక కాత్యాయని చేసిన పని. ఎదుటివాడి నుంచి అందినదాన్ని ఉంచుకోవాలా వద్దా అని ప్రతి మనిషినీ అడగాలి కదా. మొదట్లో 'ఒప్పుకుంటున్నాను' అని నోటితో చెప్పమన్నారు. ఒక్కడూ చెప్పలేదు. ప్రతివాడూ, మా రాజధానిని అడిగి చెబుతానంటూ ఫోను పట్టుకుని వరండాలోకి పోయేవాడు. అప్పుడు ఆమె యూరప్ దేశాల సమితి భవనాల్లో ఎప్పటినుంచో ఉన్న ఆచారాన్ని గుర్తుచేసింది. అక్కడ అధ్యక్షుడు ఒక ముసాయిదా పంపి, ఫలానా గడువులోగా ఎవరూ కాదనకపోతే అది ఆమోదం పొందినట్టే అంటాడు. మౌన విధానం అంటారు దాన్ని. యంత్రంలో కూడా అదే పెట్టండి, గంట మోగేలోగా నోటితో కాదనని ప్రతిదీ ఒప్పుకున్నట్టే లెక్క అంది. మనిషి తలకాయకు ఇలాంటి నియమం పెట్టాలని బయటివాళ్లకు ఎవరికీ తట్టదు. పొద్దున లేస్తే ఆ పద్ధతుల్లోనే మునిగితేలేవాళ్లకే తడుతుంది. డెస్మెట్ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

కంచె కూడా కాత్యాయనే వేసింది. బ్యాంకుల సంగతి తప్ప మరేదీ దాటకూడదు. కానీ స్తావ్రోస్ భయంలో, మూసేసిన బ్యాంకు ముందు ఎండలో నిలబడ్డ వాళ్లమ్మ ఉంది. అమ్మ వెనక ఆవిడ చేతి వంట ఉంది. వంట వెనక చిన్నప్పటి ఇల్లు, ఆ ఇంటి వెనక తక్కినదంతా. చలికాలం గడిచేసరికి కిటికీ కాస్తా, పట్టీ తీసేసినా మూతపడని వాకిలయింది. తక్కినవాళ్లు అప్పుడప్పుడైనా కొన్నిటిని కాదన్నారు. ఉపేంద్ర ఒక్కదాన్నీ కాదనలేదు. అతనికి చేతకాదు మరి.

ఆ సోమవారం కాత్యాయని బడి దగ్గరికి వెళ్లేసరికి ఇందు అప్పటికే గేటు బయట ఉంది. ఒక బట్టతల మనిషి చెయ్యి పట్టుకుని నడుస్తోంది. స్తావ్రోస్.

ఆమె పరుగెత్తుకెళ్లి పిల్లను లాక్కుంది.

"ఏంటమ్మా అలా లాగుతావ్! నాన్నే కదా," అంది ఇందు.

"ఈయన నాన్నేంటే?"

"ఈయన కూడా నాన్నే. చూడు, నా బ్యాగు ఎలా పట్టుకున్నాడో. రోడ్డు దాటేటప్పుడు నాన్న నొక్కినట్టే వేలు నొక్కాడు."

స్తావ్రోస్ తప్పు చేసినవాడిలా లేడు. బుజాన గులాబీరంగు బ్యాగుతో, ఉపేంద్ర నిలబడినట్టే ఒక కాలి మీద బరువు వేసి నిలబడ్డాడు. "ఉపేంద్రకి పని తగిలింది. నేను దగ్గర్లో ఉన్నాను. అందుకని నేనే రావాలని అనుకున్నాం," అన్నాడు ఇంగ్లీషులో.

"ఎవరు అనుకున్నారు? ఎవరితో మాట్లాడారు?"

అతను బ్యాగు రెండో బుజానికి మార్చుకున్నాడు. "మాట్లాడుకోలేదు," అన్నాడు. "ఎవరూ కాదనలేదు."

ఎండగానే ఉంది. అయినా కాత్యాయని ఇందు కోటు గుండీలన్నీ పెట్టి, చెయ్యి వదలకుండా ఇంటికి నడిపించుకుపోయింది.

మర్నాడు ఆమె డెస్మెట్ గదికి వెళ్లి తలుపు కూడా తట్టకుండా లోపలికి దూరింది. "మా ఆయన్ని ఇందులోంచి తీసెయ్యండి," అంది.

డెస్మెట్ ముసలావిడ, చెడ్డది కాదు. కాఫీ ఇచ్చి కూర్చోబెట్టింది. "ఒక్కణ్ణి తీయడం కుదరదు, కాత్యాయనీ. నేసిన బట్టలో ఒక్క పోగు లాగితే ఏమవుతుంది? కానీ అంతా ఒప్పుకునేదాకా ఏదీ ఒప్పుకున్నట్టు కాదన్న మాట నువ్వే నాకు నేర్పావు. శుక్రవారం ఆఖరి గంట. అది మోగేదాకా ఏదీ మెదడులో స్థిరపడదు. ఈలోగా పట్టీ కట్టుకున్నవాళ్లలో ఏ ఒక్కరు మొత్తాన్ని కాదన్నా అంతా విడిపోతుంది, అందరూ మునుపటిలా అయిపోతారు. చట్టం కూడా పోతుందనుకో. నీ భర్తనే చెప్పమను."

"ఆయన దేన్నీ కాదనరండీ!"

"అదే కదా మరి," అంది డెస్మెట్. "ఆయన సమ్మతితోనే జరుగుతోంది."

తన నియమమే తన మొహాన కొట్టినట్టు అనిపించింది కాత్యాయనికి. సిగ్గూ కోపమూ రెండూ కలిసి వచ్చాయి. సరే, ఈ మనిషి నోట ఒక్క 'వద్దు' పలికించకపోతే నా పేరు మార్చుకుంటాననుకుని ఇంటికెళ్లింది.

ఆ సాయంత్రం కాకరకాయలు ఉప్పూ కారం లేకుండా ఉడకబెట్టి కంచంలో పెట్టింది. ఉపేంద్ర తిన్నాడు. ఇంకొంచెం వేసింది. అదీ తిన్నాడు.

"మీ నాన్నగారి వాచీ అమ్మేద్దామనుకుంటున్నానండీ."

"అలాగే."

"మీ చెల్లెలికి ఇకమీదట ఫోన్ చెయ్యకండి. నాకిష్టం లేదు."

"అలాగేలే."

"దేవుడా! మీకు కోపం రాదేవిటండీ? పోనీ, నేను ఇందుని తీసుకుని కాకినాడ వెళ్లిపోతాను. ఇక రాను."

అతని చెయ్యి కంచం మీదే ఆగిపోయింది. తల కొంచెం పక్కకు వాలింది, గోడ అవతలి మాటలు ఆలకిస్తున్నట్టు. మొహం మారింది. మళ్లీ మారింది. ఒక క్షణం జుజానాలా, ఒక క్షణం ఆమె ఎన్నడూ చూడని ఎవరో ముసలాయనలా.

"అదొక్కటీ చర్చించాలి. ఇందు విషయంలో మేం ఇంకా ఏమీ అనుకోలేదు," అన్నాడు.

ఆ 'మేం' విని ఆమె లేచింది. పిల్ల గదిలోకి వెళ్లి తలుపు గడియ పెట్టుకుంది.

శుక్రవారం మధ్యాహ్నం చర్చల గది కిటికీల్లోంచి మంచి ఎండ పడుతోంది. గుండ్రటి బల్ల చుట్టూ అందరూ పట్టీలు కట్టుకుని కూర్చున్నారు. కాగితాలు తిప్పుతున్న చప్పుడు లేదు, గొంతు సవరించుకునేవాళ్లు లేరు. కాత్యాయని లోపలికి రాగానే తలలన్నీ ఒకేసారి ఆమె వైపు తిరిగాయి. అందరూ ఒకేలా, ఉపేంద్ర నవ్వే ఆ ఒకవైపు నవ్వు నవ్వారు.

"నాకూ ఒక పట్టీ ఇవ్వండి," అంది ఆమె.

డెస్మెట్ సభవైపు చూసింది. ఎవరూ కాదనలేదు. ఆ భవనంలో అంతకంటే అనుమతి అక్కర్లేదు.

పట్టీ కట్టుకుని భర్త పక్కన కూర్చుంది. మెత్తగా, వెచ్చగా ఏదో తలలోకి దిగబోతున్నట్టుంది. దాన్ని లక్ష్యపెట్టకుండా అతని చెయ్యి పట్టుకుంది.

"ఏవండీ. ఇన్నేళ్లలో మిమ్మల్ని నేనేమీ కోరలేదు. ఒక్కసారి, ఒక్క మాట. నాకిది వద్దు అని చెప్పండి. మనింటికి వెళ్లిపోదాం."

ఉపేంద్ర పెదవులు కదిలాయి. మెడ నరాలు బిగుసుకున్నాయి. బల్ల చుట్టూ అందరి మెడలూ బిగుసుకున్నాయి. చెమట పట్టింది.

"వద్దు," అన్నాడు.

కాత్యాయనికి ఏడుపొచ్చేసింది. అది అతని గొంతే. చివర కాస్త బొంగురుపోయే ఆ గొంతును వెయ్యిమందిలోనైనా పోల్చుకోగలదు. మనిషి ఉన్నాడు, లోపలే ఉన్నాడు!

"వద్దు కాత్యాయనీ," అన్నాడు మళ్లీ. "మమ్మల్ని విడదీయొద్దు. నీకెప్పుడూ చెప్పలేదు. చిన్నప్పట్నించీ నాకు లోపల ఎవరూ ఉండేవారు కాదు. నువ్వొచ్చాక కూడా. నువ్వు పక్క గదిలో మాట్లాడుతున్నట్టుండేది, నేను వినేవాణ్ణి, అంతే. ఇప్పుడు ఎవరో ఒకరు ఎప్పుడూ ఉంటున్నారు. నాకు బావుంది. మళ్లీ ఆ ఒంటరి గదిలోకి పంపొద్దు. నీకు దణ్ణం పెడతాను."

జీవితంలో మొదటిసారి నోరు తెరిచి కాదన్నాడు. అదీ ఆమెనే కాదన్నాడు.

గది గోడ మీది ఎర్రదీపం వెలిగింది. ఇక గంట మోగుతుంది. డెస్మెట్ చెయ్యి మీట మీద ఉంది. మాట్లాడకుండా ఊరుకుంటే చాలు, కాత్యాయని కూడా వాళ్లలో ఒకతె. అప్పుడు తెలిసింది ఆమెకు, పట్టీలోంచి దిగుతున్న ఆ వెచ్చదనం ఏమిటో. భయాలన్నీ ఎప్పుడో కరిగిపోయాయి. మిగిలింది ఆపేక్ష. ఇరవై ఏడు ఇళ్లలో తన కంచం పెట్టి తనకోసం ఎవరో ఎదురుచూస్తున్నట్టుంది. మంచు కురిసే ఊరొకటి, నిమ్మతోటలొకచోట, ఏదో నది, అన్నీ తనవే. ఉపేంద్ర ఏం పోగొట్టుకోనంటున్నాడో ఆమెకు అర్థమైంది. పాపం, అని మనసారా అనుకుంది. ఉండిపోదామనే అనిపించింది.

అంతలో ఆ వెచ్చదనం మధ్య ఒక ఖాళీ తగిలింది. చిన్నది. ఎవరికో చోటు సర్ది ఉంచినట్టుంది. ఎనిమిదేళ్ల పిల్ల పట్టేంత. బడి బ్యాగు ఎలా మోయాలో, ఏ చేప పెట్టకూడదో, జ్వరం వస్తే ఏ పాట పాడాలో అన్నీ చుట్టూ అమర్చి ఉన్నాయి. ఇందును తెచ్చుకోవాలని ఎప్పుడో అనుకున్నారు. దురుద్దేశం లేదు. ప్రేమ కొద్దీ అనుకున్నారు. ఎవరూ కాదనలేదు, అంతే.

"ఒప్పుకోను!" అని అరిచింది కాత్యాయని. కుర్చీ వెనక్కి పడిపోయింది. "మొత్తం ఒప్పుకోను!"

గంట మోగలేదు. ఎర్రదీపం ఆరిపోయింది.

జుజానా తన అరచేతుల వంక చూసుకుని, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడవడం మొదలుపెట్టింది. పక్కనున్న ఫిన్లండ్ ఆయన ఆమె బుజం మీద చెయ్యి వేయబోయి, పరాయి మనిషి కదా అని గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నాడు. ఒక్కొక్కరే పట్టీ తీసి బల్లమీద పెట్టి, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా బయటికి వెళ్లారు. ఆఖరున ఉపేంద్ర మిగిలాడు. కాత్యాయని అతని కోటు అందుకుని తొడిగింది. కాదనలేదు. తొడిగించుకున్నాడు.

చట్టం మళ్లీ అటకెక్కింది. డెస్మెట్ ఉద్యోగం మానేసి వాళ్ల ఊరు వెళ్లిపోయింది. కాత్యాయని క్లాసులో పొర్లుబాటు గురించి చెప్పడం మానలేదు గానీ కంచె దగ్గరికి వచ్చేసరికి, అది పుస్తకంలో చదువుకోండి అని తప్పించుకుంటోంది. ఇందు మాత్రం కొన్నాళ్లు బడి గేటు దగ్గర నిలబడి, వచ్చేపోయే మగవాళ్ల చేతుల వంక చూసింది. తర్వాత మరిచిపోయింది.

ఎండాకాలం వచ్చింది. ఒక ఆదివారం భోజనాల దగ్గర టీవీలో వార్తలు వస్తున్నాయి. స్తావ్రోస్ వాళ్ల వైపు ఒక బ్యాంకు మూతపడింది. పూచీ పడేవాళ్లెవరూ లేరు. మూసిన తలుపుల ముందు ముసలివాళ్లు బారులు తీరి ఎండలో నిలబడ్డారు. ఒకావిడ మెట్ల మీద కూర్చుండిపోయి బ్యాంకు పుస్తకంతో విసురుకుంటోంది.

ఉపేంద్ర తినడం ఆపి ముందుకు వంగాడు. కుడిచేతి వేళ్లకు అన్నం మెతుకులు అలాగే ఉన్నాయి. ఆ బారులో ఒక్కొక్క మొహాన్నీ వెతికాడు.

"వాళ్లమ్మ అందులో ఉండే ఉంటుంది," అన్నాడు. "ఆవిడ చేత్తో తిన్నాను. ఏం తిన్నానో గుర్తుంది. మొహం గుర్తు రావట్లేదు."

కాత్యాయని ఇన్నాళ్లూ గొంతులో పెట్టుకున్న మాట అడిగేసింది. "నామీద కోపంగా ఉందా? పిల్లకోసం చేశానండీ. మీరు ఒక్కసారి నోరు తెరిచి వద్దంటే, నేనది వినలేదు. తప్పు చేశానా?"

ఉపేంద్ర జవాబు చెప్పలేదు. కళ్లు టీవీ మీదే ఉన్నాయి.

అవునన్నట్టా, కాదన్నట్టా? ఎవరూ మాట్లాడకపోతే ఏమని అర్థమో దేశాలకు దేశాలకే చెప్పిన మనిషి ఆమె. "ఏదో ఒకటి అనండి," అంది. "తిట్టండి పోనీ."

వార్తలు అయిపోయాయి. ఇందు పెరుగు వేయమని గిన్నె ముందుకు జరిపింది. కాత్యాయని వేయడం మరిచిపోయి, భర్త పెదవుల వంకే చూస్తూ కూర్చుంది.